అడవి దున్న ఎవరి చుట్టం?



పొలాల అమావాస్య నాడు మన బోథ్ ప్రాంతంలో ఎడ్లకు సెలవు. పొద్దున్నే వాగుకు తోలుకపోయి కడుగుతారు. కొమ్ములకు రంగులు, మెడలో గంటలు, వీపున కొత్త గుడ్డ. సాయంత్రం ఊరి ముందర ఎడ్లన్నీ వరుసన నిలబడితే చూడడానికి రెండు కళ్లు చాలవు. అటువంటి ఒక అమావాస్య నాడే ఒక రైతు నన్నొక ప్రశ్న అడిగాడు. నేను దానికి తప్పు జవాబు చెప్పాను. ఆ తప్పు దిద్దుకోవడానికే ఈ నాలుగు మాటలు.

ఆ రైతుకు అత్తగారి ఊరు జన్నారం దిక్కు, కవ్వాల్ అడవి అంచున. ఆయన అడిగిందిది: "సార్, మా బామ్మర్ది బర్రెల్ని అడవిల మేపుతడు. అడవి దున్న కలిస్తే దూడ ఏనుగు తీరుగ ఉంటదట. నావి గూడ రెండు బర్రెల్ని ఆడికి తోల్దామనుకుంటున్న. నిజమేనా?"

నేను చదివింది వ్యవసాయ డిప్లొమా. పత్తికి ఏ పురుగు పట్టింది, సోయాకు ఏ మందు కొట్టాలి అంటే చెప్పగలను. పశువుల సంగతి అంతంత మాత్రమే. అయినా పది మంది ముందర తెలియదనడానికి నోరు రాలేదు. "దున్నంటే దున్నే గదా, కలవవచ్చు" అన్నాను.

ఆయన రెండు బర్రెల్నీ తోలాడు. నాలుగు నెలలు అడవిలో మేపించి తిరిగి తోలుకొచ్చాడు. రెండూ చూడి కట్టలేదు. పైగా ఒకటి నోట చొంగ కార్చుకుంటూ, గిట్టల మధ్య పుండ్లతో కుంటుకుంటూ వచ్చింది. గాలికుంటు. వారం తిరక్కముందే అది ఆయన కాడెడ్లకు అంటుకుంది. పత్తిలో గుంటుక తోలవలసిన అదనులో ఎడ్లు రెండూ దొడ్డిలో కూలబడ్డాయి. ఒక ఈత పాలు పోయె, కిరాయి ఎడ్లకు డబ్బు పోయె. నన్ను ఒక్క మాట అనలేదాయన. అంటే బాగుండేది.

ఎడ్లను చూడవచ్చిన పశువైద్యుడు నా జవాబు సంగతి విని నవ్వాడు. "అయ్యా, అడవి దున్న మీ బర్రెకు చుట్టమే కాదు. అది మీ ఆవుకు చుట్టం" అన్నాడు. ఆ మాట పట్టుకొని నేను పుస్తకాలు తిరగేశాను, తెలిసినవారిని అడిగాను. తెలిసినంత మీకు మనవి చేస్తాను.

ముందుగా పుస్తకాలతో పనిలేకుండానే పోల్చుకుందాం. కవ్వాల్ అడవిలో తిరిగే అడవి దున్నను ఉత్తరాది వారు గౌర్ అంటారు. మనం కూడా గౌరు అందాం, తికమక ఉండదు. దూరం నుంచి చూస్తే నల్లగా, భారీగా బర్రె లాగానే ఉంటుంది. పెద్ద పోతు వెయ్యి కిలోల దాకా తూగుతుంది. నాలుగు కాళ్లకు మోకాళ్ల కింద తెల్ల మేజోళ్లు తొడిగినట్టుంటుంది. నొసలు బూడిద రంగు. మన కంటికి నలుపే ముందు ఆనుతుంది గనుక పెద్దలు దున్న అన్నారు. తప్పు వారిది కాదు.

అయితే బర్రె ఏం చేస్తుంది? ఎండ ముదిరితే నీళ్లు వెదుక్కుంటుంది. బురదలో పడి పొర్లితే గాని దానికి ప్రాణం కుదుటపడదు. గౌరు బురదలో పొర్లదు. చెట్ల నీడకు పోయి నిలబడుతుంది, మన ఎద్దు లాగానే. బర్రె కొమ్ము అణగి, అడ్డంగా గీతలు పడి ఉంటుంది. గౌరు కొమ్ము తీరు వేరు. ఇంకొక గుర్తు మీ ఇళ్లలో ఆడవాళ్లకే బాగా తెలుస్తుంది. ఆవు తొమ్మిది నెలల తొమ్మిది రోజులకు ఈనుతుంది, బర్రె పది నెలలు దాటిస్తుంది. గౌరు మోసేది తొమ్మిది నెలలే. ఈ లెక్క వింటే ఏ ఇల్లాలైనా అది ఆవు వరస అని చెప్పగలదు. డిప్లొమా చదివిన నాకు మాత్రం తట్టలేదు.

ఇక మూపురం. గౌరుకు మెడ వెనక నుంచి వీపు నడుమ దాకా ఎత్తుగా ఒక గట్టు ఉంటుంది. అది ఎముక. వెన్నుపూసల ముండ్లు పొడుగ్గా పెరిగి చర్మాన్ని పైకెత్తుతాయి. మన ఎద్దు మూపురం అట్లా కాదు. చేత్తో పట్టుకొని అటూ ఇటూ ఊపవచ్చు, అది కండ, కొవ్వు. ఈ ఎముక గట్టును చూసే ఇంగ్లీషు వేటగాళ్లు గౌరుకు ఇండియన్ బైసన్ అని పేరు పెట్టారు. అమెరికాలోని బైసన్ అనే అడవి పశువుకు కూడా భుజాల మీద ఎత్తు ఉంటుంది గనుక ఇదీ అదే అనుకున్నారు. అదీ పొరపాటే. మనం బర్రె అన్నాం, వాళ్లు బైసన్ అన్నారు. పాపం గౌరు, ఎవరూ దాన్ని దాని ఇంటిపేరుతో పిలవలేదు.

ఇంటిపేరు అన్నాను గదా. శాస్త్రజ్ఞులు ప్రతి ప్రాణికీ రెండు మాటల పేరు పెడతారు. ముందు ఇంటిపేరు, వెనక సొంత పేరు, మన తీరే. ఈ పద్ధతిని స్థిరపరచినవాడు స్వీడన్ దేశపు లిన్నేయస్. 1758లో ఆయన ఆవునూ, బర్రెనూ, బైసన్‌నూ అన్నింటినీ బోస్ అనే ఒకే ఇంటిపేరు కింద రాశాడు. మూపురం లేని సీమ ఆవు బోస్ టారస్, మూపురం ఉన్న మన ఆవు బోస్ ఇండికస్. తరువాతివారు కుటుంబాలు వేరు చేశారు. 1827లో హామిల్టన్ స్మిత్ గౌరుకు గౌరస్ అని సొంత పేరు పెట్టాడు. ఆ కాలంలోనే బర్రెలకు బుబాలస్ అనీ, బైసన్‌లకు బైసన్ అనీ వేరు ఇంటిపేర్లు వచ్చాయి. 1837లో హాడ్జ్‌సన్ అనే ఆయన గౌరు వరసకు బిబోస్ అని ఇంకొక ఇంటిపేరు తెచ్చాడు. ఇప్పుడు దాన్ని చాలామంది వదిలేశారు, గౌరును బోస్ గౌరస్ అనే రాస్తున్నారు. అంటే ఆవు ఇంటిపేరే.

ఇదంతా కొమ్ములూ ఎముకలూ చూసి చేసిన పంపకం. అన్నదమ్ములు విడిపోయినప్పుడు పెద్దమనుషులు పంచినట్టు, కొంత సరిగా, కొంత తప్పుగా. రక్తం లోపలి లెక్క తరువాత బయటపడింది. ప్రతి ప్రాణి కణంలోనూ క్రోమోజోములు అనే సన్నని పోగులుంటాయి, తల్లిదండ్రుల గుణాలు బిడ్డలకు చేరేది వాటి ద్వారానే. ఆవుకు అవి 60. గౌరుకు 58. మన పాలబర్రెకు 50. ఆవుకూ గౌరుకూ తేడా కొంచెం గనుక అవి కలిస్తే దూడ పుడుతుంది. ఆడదూడైతే ఈనుతుంది, కోడెదూడ మాత్రం గొడ్డుపోతుంది. బర్రెకూ గౌరుకూ నడుమ దూరం ఎక్కువ. అక్కడ దూడ అన్న మాటే లేదు. నేను నలుగురిలో "కలవవచ్చు" అన్నది దీన్నే.

ఆవు, గౌరు ఎంత దగ్గరివో చెప్పే ముచ్చట ఒకటుంది. 2001 జనవరిలో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక మామూలు ఆవు కడుపున గౌరు దూడ పుట్టింది. చచ్చిపోయిన గౌరు చర్మం నుంచి తీసిన కణంతో పిండం తయారుచేసి ఆవు గర్భంలో పెట్టారు. ఆవు దాన్ని నెలలు నిండా మోసి ఈనింది. ఆ దూడకు నోవా అని పేరు పెట్టారు. పారుడు పట్టి రెండు రోజుల్లోనే చచ్చిపోయింది. అయినా మోయడం మోసింది గదా. బర్రె దూడను ఆవు కడుపున పెట్టి చూడమనండి!

ఈ కుటుంబం ఎంత పాతది? హిమాలయాల పాదాల దగ్గర శివాలిక్ కొండలున్నాయి. 1830 ప్రాంతాల్లో ఫాల్కనర్ అనే వైద్యుడూ, కాట్లే అనే ఇంజనీరూ ఆ కొండల్లో రాయిగా మారిన ఎముకలను గంపలకొద్దీ ఏరారు. ఆవు, బర్రె పూర్వీకుల ఎముకలు వాటిలో దొరికాయి. బర్రె వంశం, ఆవు వంశం విడిపోయి సుమారు కోటి ఏళ్లకు పైనే అయిందని ఇప్పటి అంచనా. ఆవు వంశంలో గౌరు, బాంటెంగ్ ఒక కొమ్మ. బాంటెంగ్ అనేది బర్మా నుంచి జావా దాకా ఉండే అడవి పశువు. హిమాలయాల జడలబర్రె ఇంకొక కొమ్మ. దాన్ని కూడా మనవాళ్లు బర్రె అనే అన్నారు చూడండి, అదీ ఆవు వంశమే. వింతేమిటంటే అమెరికా బైసన్‌కు అన్నిటికన్నా దగ్గరి చుట్టం ఈ జడలబర్రే అని డి.ఎన్.ఏ. పరీక్షలు చెబుతున్నాయి. బైసన్‌ల పూర్వీకులు ఆసియా నుంచి నడిచే అమెరికా చేరాయి. మంచు యుగంలో సముద్రం తగ్గి రెండు ఖండాల నడుమ నేల బయటపడినప్పుడు, రెండు లక్షల ఏళ్లకూ లక్షా ముప్పై వేల ఏళ్లకూ మధ్య ఎప్పుడో. అందువల్ల బైసన్‌కు వేరు ఇంటిపేరు ఎందుకు, అదీ బోసే అని వాదించేవారూ ఉన్నారు. లిన్నేయస్ రాసిన దగ్గరికే మళ్లీ వచ్చినట్టయింది.

గౌరును మనిషి మచ్చిక చేశాడా అంటే, చేశాడు. మన దగ్గర కాదు, ఈశాన్యాన. అరుణాచలం, నాగాలాండ్ కొండల్లో మిథున్ అనే పశువు ఉంది. అది ఇంటికి చేరిన గౌరు. దానికీ క్రోమోజోములు 58. అక్కడివారు దాన్ని కట్టెయ్యరు, అడవిలోనే తిరగనిచ్చి ఉప్పు పెట్టి దగ్గరికి పిలుచుకుంటారు. దాని మీద పరిశోధనకు నాగాలాండ్‌లో 1988లో ఒక జాతీయ కేంద్రమే పెట్టారు.

ఇప్పుడు మన ఎడ్ల సంగతికి వద్దాం. పొలాల నాడు మనం దండం పెట్టే ఈ మూపురపు ఎద్దుకు అడవిలో తాత ఎవరు? గౌరు కాదు, అది పెదనాన్న వరస. అసలు తాత వేరే ఉండేది. దాన్ని ఇంగ్లీషులో ఆరాక్స్ అంటారు, బోస్ ప్రైమిజీనియస్ అని శాస్త్రనామం. అది యూరపు నుంచి చైనా దాకా వ్యాపించి ఉండేది. మన దేశంలో ఉన్న తెగ ఎముకలు నర్మద ఒడ్డున దొరికాయి గనుక ఫాల్కనర్ 1859లో దానికి నమాడికస్ అని పేరు పెట్టాడు. గోదావరి ఎగువన మహారాష్ట్రలో కూడా దాని ఎముకలు దొరికాయి. మన ఊళ్ల పక్కన పారే నీళ్లన్నీ కడెం నుంచో పెన్‌గంగ నుంచో చివరకు ఆ గోదావరిలోకే చేరుతాయి.

ఈ అడవి ఎద్దును ఇంటికి తెచ్చిన చోటు బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. 1974 నుంచి ఫ్రెంచివారు అక్కడ తవ్వారు. అడుగు పొరల్లో జింకలు మొదలైన వేట జంతువుల ఎముకలు ఎక్కువ. పైకి వచ్చేకొద్దీ అవి తగ్గి ఆవుల ఎముకలు పెరుగుతాయి. పెరుగుతూనే చిన్నవవుతాయి కూడా. అడవి పశువు దొడ్డికి వచ్చి తరాలు గడిస్తే ఒళ్లు తగ్గుతుంది, అదీ గుర్తు. ఇది జరిగి సుమారు ఎనిమిది వేల ఏళ్లు. అంతకు చాలా ముందే టర్కీ, సిరియా ప్రాంతాల్లో మూపురం లేని ఆవును ఇంకొకరు మచ్చిక చేశారు.

మొదట అక్కడొక్కచోటే మచ్చిక చేశారనీ, మన ఆవు ఆ సీమ ఆవుల నుంచే వచ్చిందనీ చాలామంది పండితులు అనుకునేవారు. 1994లో ఐర్లండులోని డబ్లిన్ ట్రినిటీ కాలేజీవారు రెంటి డి.ఎన్.ఏ. పోల్చి చూశారు. రెండు వంశాలూ విడిపోయి లక్షల ఏళ్లయిందని తేలింది. మనిషి పశువును మచ్చిక చేసి పదివేల ఏళ్లు. అంటే అవి అడవిలో ఉండగానే వేరు. మన ఆవును మన నేల మీద మనవాళ్లే తెచ్చుకున్నారన్నమాట. ఎండకూ పిడుదుకూ మన పశువు తట్టుకున్నంతగా సీమ పశువు తట్టుకోకపోవడానికి మూలం అక్కడే ఉంది. బ్రెజిల్‌వారు మన ఒంగోలు పశువును తోలుకపోయి నెల్లోర్ పేరుతో దేశమంతా నింపుకున్నది ఊరికే కాదు.

తెలుగు నేల మీద తొలి గోదకాపరుల జాడ ఉట్నూరులో ఉంది. బోథ్ వారికి ఉట్నూరు అంటే పక్క తాలూకా అనిపిస్తుంది. కాదు, ఇది పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు, కృష్ణ దిక్కు, ఇప్పుడు గద్వాల జిల్లా. నేను కూడా మొదట మనదే అనుకొని సంబరపడ్డాను. అక్కడ పెద్ద బూడిద దిబ్బ ఉంది. బూడిద ఎందుకంత పోగయిందో ఎవరికీ అంతుపట్టలేదు. రాక్షసుల బూడిద అన్నవారున్నారు, అగ్నిపర్వతం అన్నవారున్నారు. 1957లో ఆల్చిన్ అనే ఇంగ్లీషు పురావస్తు శాస్త్రజ్ఞుడు తవ్వి చూశాడు. కట్టెలతో దడి కట్టిన పశువుల దొడ్డి ఆనవాళ్లు బయటపడ్డాయి. దొడ్డిలో పేరుకున్న పెంటను మళ్లీ మళ్లీ కాల్చగా మిగిలిన బూడిద అది. ఆ బూడిద పొరల్లో ఆవుల గిట్టల అచ్చులు నాలుగు వేల ఏళ్ల నుంచీ చెరగకుండా ఉన్నాయి. ఇప్పుడు మీ దొడ్డి ముందర వాన వెలిసినాక పడే అచ్చులకూ వాటికీ ఏం తేడా కనబడదు.

ఆ కాపరుల కాలానికి అడవి ఎద్దు ఇంకా దక్షిణాన అక్కడక్కడ ఉండేది. తరువాత కనబడదు. ఎట్లా పోయిందో మన దగ్గర రాసిపెట్టినవారు లేరు. పోలండు దేశంలో రాసిపెట్టారు. అక్కడ యక్టొరువ్ అనే అడవిలో రాజు ఆజ్ఞతో ఆఖరి మందను కాపాడారు. చుట్టుపట్ల ఊళ్లవారికి పన్నులు తగ్గించి, వాటిని చూసుకునే పని అప్పగించారు. 1564లో లెక్కపెడితే 38 ఉన్నాయి. వేటను ఆపగలిగారు గాని మేతను ఆపలేకపోయారు. ఊరి పశువులు అదే పచ్చికలో మేశాయి, ఊరి పశువుల రోగాలు వాటికి సోకాయి. 1627లో ఆఖరి ఆవు చచ్చిపోయింది. ఆ పశువు ఇక భూమి మీద లేదు. అమెరికా బైసన్ కోట్లలో ఉండి, తుపాకుల దెబ్బకు 1880ల చివరికి వెయ్యిలోపుకు దిగింది. అది మళ్లీ కోలుకుంది. యూరపు బైసన్ అడవిలో ఆఖరుది 1927లో పోయినా, జంతుశాలల్లో మిగిలిన 12 పశువుల సంతతితో మళ్లీ పెంచారు. ఆరాక్స్‌కు ఆ అదృష్టం లేకపోయింది.

రోగం సంగతి మనదాకా వచ్చేదే. ఒకప్పుడు రిండర్‌పెస్టు అనే పశువుల ప్లేగు ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేసేది. మీ తాతలు చెప్పే ఉంటారు. అది ఊరితో ఆగలేదు. 1968లో కర్ణాటకలోని బందీపూర్, తమిళనాడులోని ముదుమలై అడవుల్లో గౌరు మందలు ఈ రోగానికి కుప్పలుగా కూలాయి. మన దేశంలో 1954 నుంచి ఊరూరా టీకాలు వేసి తరిమారు. 1995లో ఆఖరి కేసు. ప్రపంచంలో ఆఖరిది 2001లో కెన్యా అడవిబర్రెల్లో కనిపించింది, 2011లో రోగం పూర్తిగా పోయిందని ప్రకటించారు. మనుషుల మశూచి తరువాత భూమి మీద నుంచి నిర్మూలమైన రోగం ఇదొక్కటే. టీకా సూదిని చూసి పశువును దాచే వారికి ఈ ముచ్చట నేను తప్పకుండా చెబుతుంటాను.

గాలికుంటు మాత్రం పోలేదు. చీలిన గిట్టలున్న దేన్నీ అది విడువదు. ఆవు, బర్రె, మేక, పంది, గౌరు అన్నీ దానికి ఒకటే. అడవిలో నీటిగుంట ఒకటే ఉన్నప్పుడు ఎండాకాలం పగలు మన గోద తాగిన చోటే రాత్రి గౌరు తాగుతుంది. మన పశువు నుంచి అటు పోవచ్చు, అటునుంచి ఇటు రావచ్చు. ఆ రైతు బర్రెకు ఎక్కడ అంటిందో ఎవరు చెప్పగలరు? అడవిలో మేసే మందలో టీకా లేనివి చాలా ఉంటాయి, వాటి నుంచే వచ్చి ఉండవచ్చు. 2019 నుంచి కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం కింద ఈ టీకా ఉచితం. నాలుగు నెలలు దాటిన దూడ మొదలు అన్నింటికీ ఆరు నెలలకొకసారి వేయించాలి. పశువును అడవికి గాని సంతకు గాని తోలేవారు టీకా వేయించి కనీసం మూడు వారాలు ఆగి తోలండి. సూది వేసిన నాడే దాని బలం రాదు.

కవ్వాల్ 1965లో అభయారణ్యమైంది, 2012లో పులుల రక్షణ కేంద్రమైంది. పులికి గౌరు మంచి ఆహారం. గౌరు తగ్గిన అడవిలో పులి ఊరి గోద మీద పడుతుంది. బోథ్ దిక్కు పెన్‌గంగ అవతల తిప్పేశ్వర్ నుంచి పులి వచ్చిన ప్రతిసారీ మనకు ఎంత హడావిడో మీకు తెలుసు. మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్ అడవిలో 1990ల చివరికి గౌరు ఒక్కటీ మిగలలేదు. 2011లో కన్హా అడవి నుంచి లారీల్లో తెచ్చి వదిలితే గాని మళ్లీ మంద కాలేదు. ఉన్నదాన్ని ఉంచుకోవడం అంతకన్నా చవక.

ఇంకొక మాట చెప్పకపోతే ఆ రైతుకు నేను సగం జవాబే ఇచ్చినట్టవుతుంది. బర్రెకు అడవి చుట్టం లేదా? ఉంది. అది గౌరు కాదు, నిజమైన అడవిబర్రె. తూర్పున ప్రాణహిత దాటితే మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా కొలామార్క, ఆపైన ఛత్తీస్‌గఢ్‌లో ఇంద్రావతి అడవులు. అక్కడ కొద్ది మందలు మాత్రమే మిగిలి ఉన్నాయి. దానికీ మన బర్రెకూ కలిస్తే దూడ పుడుతుంది. అదే దానికి ముప్పు. ఊరి బర్రెలు కలిసి కలిసి అసలు అడవి నెత్తురు పలచబడిపోతున్నదని అక్కడి అటవీశాఖవారి దిగులు. కనుక గట్టి దూడ కావాలనుకునేవారు కొలామార్క పోవద్దు. ముర్రా దున్న వీర్యంతో కృత్రిమ గర్భధారణ మన పశువైద్యశాలలోనే జరుగుతుంది, బర్రె ఎదకు వచ్చిన పన్నెండు గంటల తరువాత తోలుకపోతే చాలు.

ఈ ముక్కలన్నీ ఆ రైతు ఇంటికి పోయి చెప్పాను, తప్పు ఒప్పుకున్నాను. ఆయన విని, "మరి మా ఎద్దు తాతను ఇగ చూడలేమా సార్?" అన్నాడు. చూడవచ్చు, బతికి ఉన్నదాన్ని కాదు. వాగుల ఒడ్డు కోసుకుపోయినప్పుడు, బావి తవ్వినప్పుడు, ఇసుక తీసినప్పుడు రాయి వలె బరువైన ఎముకలు, పెద్ద దవడ పళ్లు, కొమ్ము లోపలి ఎముక దొరకవచ్చు. కొమ్ము పైడిప్ప కుళ్లిపోతుంది, లోపలి ఎముకే నిలుస్తుంది. మూరెడు పొడుగు, మనిషి తొడంత లావు ఉంటే మామూలు ఎద్దుది కాదు. దాన్ని పగలగొట్టకండి, కడగకండి, దొరికిన చోట గుర్తు పెట్టి తహసీల్దారు కార్యాలయంలో చెప్పండి, పురావస్తు శాఖవారికి కబురు చేస్తారు. నాకు చెప్పినా సరే. ఈసారి తెలియకపోతే తెలియదనే చెబుతాను.